హ్యూ పేరు పక్కన సుద్దగీత

పెర్స్ నాన్‌కివెల్ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పొగాకు డబ్బా ఉండేది. ఆయనకు పొగ తాగే అలవాటు లేదు. ఆ డబ్బాలో ఒక సుద్దముక్క, గోలీకాయంత తేనెమైనం, పాత రుమాలు చింపిన ఒక గుడ్డపేలిక ఉండేవి. సుద్దముక్క మా మిందారా ఊరి బడి మూతపడ్డ రోజున నల్లబల్ల కింద దొరికిన పెట్టెలోది. పెట్టెలో ఇంకా బోలెడు ముక్కలు మిగిలాయనీ, తనకంటే అవే ఎక్కువకాలం బతుకుతాయనీ అంటుండేవాడు.

ఊరి చరిత్ర పుస్తకం కోసం ఎవరి గురించైనా నాలుగు పేజీలు రాసివ్వమని ఊరి కమిటీ నడిపే గ్లెనిస్ యూరెన్ అడిగినప్పుడు నా వల్ల కాదన్నాను. పద్నాలుగేళ్ళకే బడి మానేసి అమ్మతో పాటు పాలు పిండుతూ పెరిగినదాన్ని. ఉత్తరాలూ, జామ్ సీసాల మీద అతికించే చీటీలూ తప్ప నేను రాసింది లేదు. కానీ వేరేవాళ్ళు రాస్తే పెర్స్ గురించి గోధుమలు, గొర్రెలు, అగ్నిమాపక దళం అని రాసి ఊరుకుంటారు. ఆయన నాకు చేసిన మేలు అందులో రాదు. అందుకని నేనే కూర్చున్నాను.

ముందు రాయి సంగతి చెప్పాలి.

మా ఊళ్ళో వీధులు రెండు కలిసేచోట రాతి సైనికుడు తుపాకీ తలకిందులుగా పట్టుకుని, తల వంచి నిలబడి ఉంటాడు. మొహం పబ్బు వైపు ఉంటుంది. గ్లాసు సగంలో వదిలేసి యుద్ధానికి వెళ్ళాడనీ, అందుకే అటు చూస్తున్నాడనీ పబ్బులో కూర్చునేవాళ్ళు చెప్పుకుంటారు. ఆయన కాళ్ళ కింద బూడిదరంగు రాతి మీద మొదటి యుద్ధానికి వెళ్ళిన అరవై ముగ్గురి పేర్లు ఉన్నాయి. తిరిగొచ్చినవాళ్ళవీ ఉన్నాయి, రానివాళ్ళవీ ఉన్నాయి. హోదాలు రాయలేదు. ఇంటిపేర్ల వరసలో అందరూ ఒక్కలాగే ఉంటారు. రానివాళ్ళ పేరు పక్కన మాత్రం వేలిగోరంత శిలువ చెక్కి ఉంటుంది.

నాన్‌కివెల్ ఇంటి నుంచి అన్నదమ్ములిద్దరు వెళ్ళారు. అన్న ఆల్బర్ట్, తమ్ముడు హ్యూ. హ్యూ ఫ్రాన్సులోనే ఉండిపోయాడు. ఆల్బర్ట్ తిరిగొచ్చి, పెళ్ళి చేసుకుని, పెర్స్‌ను కని, గోధుమలు పండించి, 1961లో తన మంచం మీదే పోయాడు. కానీ రాతి మీద శిలువ ఆల్బర్ట్ పేరు పక్కన ఉంది. హ్యూ పక్కన ఏమీ లేదు.

పట్నంలో రాయి చెక్కినవాడికి ఇక్కడినుంచి పంపిన కాగితంలో అంతా సరిగ్గానే ఉందట. వాడి కన్ను ఒక వరస పైకి జారింది. 1922లో గుడ్డ తొలగించిన రోజున ఊరంతా చూసింది. ఇద్దరి తల్లి సెలీనా ముందు వరసలో నిలబడి ఉంది. ఆల్బర్ట్ ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఎవరూ నోరు తెరవలేదు. ఆ తల్లి ఎదుట ఎలా అంటాం అని అందరూ అనుకున్నారు. పక్కవాళ్ళు తర్వాత చెబుతారులే అని కూడా అనుకున్నారు. తర్వాత హాల్లో టీ తాగుతూ రాయి చాలా బాగుందని చెప్పుకున్నారు. ఒక నెల పోయింది, ఒక ఏడు పోయింది. ఆ తర్వాత చెప్పడం ఇంకా మర్యాద కాదనిపించింది. మా ఊరివాళ్ళ తత్వమే అంత. ఎదుటివాడి చొక్కా గుండీ ఊడిందని చెప్పడానికి కూడా మొహమాటపడి రోజంతా అటు చూడకుండా తిరుగుతాం.

చివరికి పాదిరిగారు ఒకసారి సెలీనా దగ్గర ఆ మాట ఎత్తారట. పంట పోయిన ఏడాదిలో మనుషులు తమ గోధుమ బస్తాలిచ్చి నిలబెట్టిన రాయి అది, నేను దానికి వంక పెట్టను అందట ఆమె. అక్కడితో సరి.

మరుసటి ఏడు ఏప్రిల్ ఇరవై నాలుగున, అంటే వెళ్ళినవాళ్ళను తలుచుకునే ఆంజాక్ రోజుకు ముందు సాయంత్రం, ఆల్బర్ట్ ఒక్కడే బకెట్టుతో వచ్చి రాయి కడిగాడు. తమ్ముడి పేరు పక్కన సుద్దతో చిన్న శిలువ గీశాడు. తన పేరు పక్కనున్న దాన్ని పోయినవాళ్ళను తలుచుకుంటూ పెట్టే వాసనల రోజ్‌మేరీ కొమ్మ ఒకటి పెట్టి, మైనంతో అంటించి మూసేశాడు. తెల్లారి జనం వచ్చేసరికి రాతి మీద అంతా సరిగ్గా ఉంది. మధ్యాహ్నానికి కొమ్మ వాడిపోయేది, ఆ వారంలో మంచుకో వానకో సుద్ద చెరిగిపోయేది. మళ్ళీ ఏడాదికి మళ్ళీ గీసేవాడు. ఆయన తర్వాత పెర్స్ గీశాడు. ఒక్క ఏడు కూడా తప్పలేదు.

పెర్స్ ఏ యుద్ధానికీ వెళ్ళలేదు. రెండోది అయిపోయేనాటికి పదిహేడేళ్ళవాడు. యూనిఫాం అన్నది తొడిగితే అగ్నిమాపక దళం కోటే తొడిగాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే, కోతలయ్యాక చూద్దామనుకున్నాను, కోతలు అవలేదు అనేవాడు. బండి ఎంత నెమ్మదిగా నడిపేవాడంటే వెనక వచ్చేవాళ్ళు పెర్స్ బండి వెనక పడ్డామంటే టిఫిను కట్టుకుని రావాలని ఎగతాళి చేసేవారు. రాయిని సబ్బుతో కడగనిచ్చేవాడు కాదు. వాన నీళ్ళు, మెత్తటి బ్రష్షు, అంతే. రాతి సైనికుడి టోపీ మీద రెట్టలు వేసే గులాబీ రంగు చిలకలను మాత్రం ఇక్కడ రాయడానికి వీల్లేని మాటలతో తిట్టేవాడు.

నా భర్త డెస్ లోపల ఎలాంటివాడో తెలిసిన రెండో మనిషి పెర్స్. మొదటి మనిషిని నేనే అనుకుంటాను, అది కూడా గట్టిగా చెప్పలేను. డెస్‌కు ఇరవయ్యో ఏట, సైన్యంలోకి కుర్రాళ్ళను ఎంచడానికి ప్రభుత్వం వేసిన పుట్టినరోజుల లాటరీలో తన తేదీ వచ్చింది. వియత్నాం వెళ్ళాడు, వచ్చాడు. మా పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో ఆ ఏడాది గురించి నాతో ఆడిన మాటలు రెండు చేతుల వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కొన్ని రోజులు ఇంట్లో పడుకోలేక ట్రాక్టరు షెడ్డులో మడతమంచం వేసుకునేవాడు. ఆ యుద్ధానికి మా ఊరినుంచి వెళ్ళిన నలుగురి పేర్లు చిన్న ఇత్తడి పలక మీద రాయించి, రాతి పీఠం అడుగున, మోకాలి ఎత్తులో బిగించారు. నలుగురూ తిరిగొచ్చారు కాబట్టి దానిమీద శిలువలేవీ లేవు.

డెస్‌కు జబ్బు చేసింది సరిగ్గా కోతలప్పుడు. ఊపిరితిత్తులన్నారు. పెర్స్ తన పొలం కోయకుండా, అడగకుండా, కోత యంత్రం తోలుకుని మా గేటులోకి వచ్చాడు. తొమ్మిది రోజులు మా చేను కోశాడు. తన చేలో ఆలోగా వాన పడి గింజ రంగు మారి ధర పడిపోయింది. ఆ మాట నాకు ఏడాది తర్వాత ఇంకొకరు చెప్పారు.

డెస్ పోయాక నేను ఆంజాక్ రోజున ఊళ్ళోకి వెళ్ళడం మానేశాను. పోయినవాళ్ళ కోసం సభలో ఊదే ఆ బాకా వినలేకపోయాను. ఓట్సు బిస్కెట్లు నాలుగు పళ్ళేలు కాల్చి గ్లెనిస్ చేత పంపించి, నేను మాత్రం కోళ్ళగూడు శుభ్రం చేసుకుంటూ ఉండిపోయేదాన్ని. ఎవరూ ఎందుకు రాలేదని అడగలేదు. చెప్పానుగా, మా వాళ్ళు అడగరు.

కానీ ప్రతి ఏడూ ముందురోజు మధ్యాహ్నం పెర్స్ మా ఇంటికి వచ్చేవాడు. మా నీళ్ళ ట్యాంకు పక్కన రోజ్‌మేరీ పొద ఉంది. తన ఇంటి పొద కరువులో ఎండిపోయిందని మాది కోసుకెళ్ళేవాడు. ప్రతిసారీ రెండు కొమ్మలు కోసేవాడు. ఒకటి చాలు కదా పెర్స్ అని ఒకసారి అన్నాను.

“ఒకటి దారిలో పడిపోతుందమ్మాయ్,” అన్నాడు.

అలా తొమ్మిదేళ్ళు జరిగింది.

పదో ఏడు జనవరిలో గ్లెనిస్ కమిటీకి శుభవార్త తెచ్చింది. మొదటి యుద్ధానికి నూరేళ్ళవుతోందని పాత స్మారకాలు బాగుచేయడానికి ప్రభుత్వం సాయం చేస్తోందట. రాయి శుభ్రం చేయించి, హ్యూ పక్కన శిలువ చెక్కించి, ఆల్బర్ట్ పక్కనున్న దాన్ని రాతిపొడితో పూడ్పించవచ్చు. ఇంతకాలానికి తప్పు సరిదిద్దుతున్నామని అందరూ సంతోషించారు. దగ్గరి బంధువు సంతకం ఒక్కటి కావాలి. ఆ దగ్గరి బంధువు పెర్స్ ఒక్కడే.

పెర్స్ కాగితం తీసుకుని చదివి, గడియారం వెనక పెట్టాడు. ఫిబ్రవరి పోయింది. గ్లెనిస్ అడిగితే కళ్ళద్దాలు కనిపించలేదన్నాడు. అవి ఆయన నెత్తిమీదే ఉన్నాయి. మార్చి వచ్చింది. గడువు ఏప్రిల్ నెలాఖరు. అది దాటితే సాయం ఇంకో ఊరికి పోతుంది. సొంత బాబాయి పేరు పక్కన గుర్తు పడుతుంటే ఈ ముసలాయన ఎందుకు అడ్డుపడుతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. సుద్దముక్కలు అయిపోవాలి కదా మరి, అని పబ్బు నడిపే మెర్వ్ జోకు వేశాడు.

ఏప్రిల్ రెండోవారంలో పెర్స్ రాయి కడుగుతూ తడిమెట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నది ఒడ్డు ఊళ్ళో పెద్దాసుపత్రిలో వేశారు. గ్లెనిస్ ఒక స్పాంజి కేకు, ఆ కాగితం నా చేతికిచ్చింది. నీ మాటైతే వింటాడు, డెస్ పెళ్ళానివి, అంది. ఏప్రిల్ ఇరవై మూడున నేను బండి తీసుకుని వెళ్ళాను.

మంచం మీద ఆయన సగమయ్యాడు. కేకు చూసి, ఇది గ్లెనిస్ చేసిందా నువ్వు చేశావా అని అడిగాడు. గ్లెనిస్ చేసిందని చెబితే, అయితే నర్సులకు పెడదాం, వాళ్ళు పడుచువాళ్ళు, తట్టుకుంటారు అన్నాడు. నవ్వితే తుంటి నొప్పి పుట్టి మొహం చిట్లించాడు. నేను కాగితం తీశాను.

“సంతకం పెట్టండి పెర్స్. మీ నాయనమ్మ వంక పెట్టనంది, సరే. ఇప్పుడు వంక పెట్టేదేముంది, ఊరే దిద్దుతానంటోంది కదా.”

ఆయన కాగితాన్ని దుప్పటి మీదుగా నా వైపు నెట్టాడు.

“హ్యూకు చెక్కాల్సిందే. అది కాదు నా గొడవ.”

“మరేంటి?”

“చెక్కేశాక సుద్ద పట్టుకుని ఎవరొస్తారు?”

రావాల్సిన పనేముంది అన్నాను. ఆయన బల్ల మీదున్న పొగాకు డబ్బా అందివ్వమన్నాడు. నా చేతిలో పెట్టి, నా వేళ్ళను దాని చుట్టూ మూశాడు.

“ముందు రేపటి పని చెయ్యి. ఇప్పటిదాకా ఒక్క ఏడూ తప్పలేదు. తడిగుడ్డ, పొడిగుడ్డ, ఆ తర్వాత సుద్ద. హ్యూది గియ్యి. నాన్నది మూసెయ్యి. అయ్యాక కింద కూర్చుని పీఠం కూడా తుడువు. పాత గీత కనబడితే దానిమీదే దిద్దు. కొత్తది పెట్టకు.”

ఏ గీత అని అడిగాను. కంటికి కనబడుతుందిలే, నువ్వేం గుడ్డిదానివి కాదు అన్నాడు. నర్సు వచ్చి నన్ను పంపించేసింది. కాగితం సంతకం లేకుండానే నాతో తిరిగొచ్చింది.

మరునాడు సాయంత్రం నాలుగు గంటలకు మా పొద నుంచి రెండు కొమ్మలు కోసుకుని ఊళ్ళోకి వెళ్ళాను. తొమ్మిదేళ్ళలో ఆ రాయి దగ్గర బండి ఆపడం అదే మొదలు. మెర్వ్ పబ్బు ముందు బెంచీలు తుడుస్తున్నాడు. నన్ను చూసి గుడ్డ భుజాన వేసుకున్నాడు.

“ఏం నోలా, పెర్స్ జీతానికి మనిషిని పెట్టుకున్నాడా?”

“జీతమెక్కడిది. కేకులు కూడా నేనే మోయాలి.”

హ్యూ శిలువ బాగానే వచ్చింది. ఆల్బర్ట్ శిలువను కొమ్మతో మూశాను. మైనం చలికి గట్టిపడి ఉంటే చంకలో పెట్టుకుని మెత్తబరిచాను. తర్వాత పెర్స్ చెప్పినట్టు కింది మెట్టు మీద కూర్చుని పీఠం తుడిచాను. అది ఇసుకరాయి, నీళ్ళు పీల్చుకుంటుంది. ఇత్తడి పలక పక్కన, రెండో పేరు దగ్గర, రాయి ఆరుతుంటే ఒక తెల్లటి మచ్చ తేలింది. దగ్గరికి వంగి చూశాను. చిన్న శిలువ. ఏడాదికేడాది అక్కడే దిద్దీ దిద్దీ సుద్ద రాతి గరుకులోకి ఇంకిపోయి, వానలకు కూడా పోకుండా నిలిచింది. దానిపైన చిటికెడు పాత మైనం కూడా ఉంది. రెండో పేరు డెస్‌ది.

 మెర్వ్ ఒక కప్పు టీ తెచ్చి నా పక్కన మెట్టు మీద పెట్టాడు. పెర్స్ ఇది ఎప్పటినుంచి గీస్తున్నాడో నీకు తెలుసా అని అడిగాను. డెస్ పోయిన మొదటి ఏడు నుంచే అన్నాడు. ఇది చివర్న గీసేవాడట, పొరుగింటి చెట్టు పళ్ళు కోస్తున్నవాడిలా అటూ ఇటూ చూసుకుంటూ.

“ఊళ్ళో అందరికీ తెలుసా?”

“తెలుసు.”

“నాకెందుకు చెప్పలేదు?”

మెర్వ్ బూట్ల వైపు చూసుకున్నాడు. “నువ్వే వచ్చి చూస్తావనుకున్నాం నోలా. మొదటి ఏడు రాలేదు. తర్వాత చెప్పడం బాగుండదనిపించింది.”

నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది కానీ నవ్వే ముందొచ్చింది. ఆ తర్వాత సుద్ద తీసుకుని, పాత గీత మీదే దిద్దాను. రెండో కొమ్మ ఎవరికో అప్పుడు తెలిసింది. అది ఒక్క ఏడూ దారిలో పడిపోలేదు.

మరునాడు తెల్లవారుజామున చీకట్లో జరిగే ఆంజాక్ సభకు వెళ్ళాను. నా పాత కోటు బిగుతైంది. గ్లెనిస్ నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. బాకా ఊదిన హైస్కూలు పిల్ల ఒక స్వరం తప్పింది, మళ్ళీ అందుకుంది. వినగలిగాను. వెలుగొచ్చాక జనం పూలదండలు పెడుతూ, ఆ మోకాలి ఎత్తు పలక దగ్గర ఒకరి తర్వాత ఒకరు కొంచెం వంగి వెళ్ళడం చూశాను. తొమ్మిదేళ్ళుగా వాళ్ళు అలాగే వంగుతున్నారన్నమాట.

సభ కాగానే నది ఒడ్డు ఊరికి బయల్దేరాను. ఈసారి కేకు నేనే చేశాను. పెర్స్ నా మొహం చూసి పక్కకు తిరిగాడు. నిన్ను అడక్కుండా చేశాను, తప్పే, అన్నాడు. తప్పు కాదన్నాను. ఎందుకు చేశారో చెప్పండి అన్నాను.

ఆయన చెప్పిన మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

“మా నాన్న పక్కన ఆ గుర్తు తప్పని అందరూ అన్నారు. నేను ఆ ఇంట్లో పెరిగాను నోలా. నాన్న కూడా షెడ్డులోనే పడుకునేవాడు. నాకది అంత తప్పనిపించేది కాదు. డెస్ కూడా అలాగే పడుకునేవాడని నాకు తెలుసు. కంచె దగ్గర ఒకసారి చెప్పాడు. నీకు చెప్పొద్దన్నాడు. వాడు పోయినప్పుడు ఎక్కడా ఏ గుర్తూ లేకపోతే నాకు ఊరుకోబుద్ధి కాలేదు. హ్యూది చెక్కేస్తే నేను సుద్ద పట్టుకుని అక్కడికి ఎందుకెళ్తున్నానని ఎవరైనా అడుగుతారు. నేను పోతే అసలు వెళ్ళేవాళ్ళే ఉండరు. అందుకే ఆపాను.”

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతికి ఎప్పుడూ గొర్రె ఉన్ని జిడ్డు వాసన ఉండేది, ఆసుపత్రి సబ్బుతో అది పోయింది. డెస్‌ది ఇకనుంచి నేను గీస్తాను, ఎవరూ అడగరు, అడిగినా చెబుతాను, మీరు హ్యూ సంగతి చూడండి అన్నాను.

పెర్స్ కాగితం అడిగాడు. కళ్ళద్దాలు మళ్ళీ నెత్తిమీదే ఉన్నాయి, నేనే దించి పెట్టాను. సంతకం చేసి, కింద వంకరటింకర అక్షరాలతో ఒక వాక్యం రాశాడు. నాన్నది పూడ్చవద్దు, ఉన్నది ఉండనివ్వండి. కమిటీలో దీనిమీద కొంత రభస జరిగింది. అరవై ఒకటిలో పోయినవాడికి శిలువ ఏమిటని గ్లెనిస్ అంది. రాయి చెక్కే అతను వచ్చి చూసి, పూడ్చినా అతుకు తెలుస్తుందన్నాడు. గ్లెనిస్ ఆ రెండు పేర్లనూ చూసి, సరే ఉండనివ్వండి అంది. ఆగస్టులో హ్యూ పక్కన శిలువ చెక్కారు. పెర్స్‌ను చక్రాల కుర్చీలో తెచ్చి చూపించాం. వేలితో తడిమి, కొత్తదాని అంచులు పదునుగా ఉన్నాయి, చేతులు పడితే అరుగుతాయిలే అన్నాడు.

ఇప్పుడు పెర్స్ నది ఒడ్డు ఊళ్ళోనే ముసలివాళ్ళ ఆశ్రమంలో ఉంటున్నాడు. ఇది అచ్చయ్యాక చదివి తప్పులు పడతాడు. కోత యంత్రం మా చేలో తొమ్మిది రోజులు కాదు, ఎనిమిదే అంటాడు. ఆయన ఏమన్నా నేను లెక్కపెట్టిన రోజులు తొమ్మిది.

పోయిన ఏప్రిల్‌లో ఇరవై నాలుగున మధ్యాహ్నం ఫోను మోగింది. రాయి కడిగావా అని అడిగాడు. కడిగానన్నాను. సబ్బు తగలనివ్వలేదు కదా అన్నాడు. లేదన్నాను.

“కొమ్మలు ఎన్ని కోశావ్?”

“ఒకటే. డెస్‌కు. మీ నాన్నది ఇప్పుడు మూయక్కర్లేదు కదా.”

“రెండు కొయ్యి,” అన్నాడు. “ఒకటి నాకు తెచ్చిపెట్టు. ఇక్కడి పొదల్లో వాసన లేదు.”

నేను మళ్ళీ కత్తెర తీసుకుని ట్యాంకు దగ్గరికి వెళ్ళాను.